చూడొచ్చు సారు

చూడొచ్చు సారు పోయాడని నరసింహులు ఫోన్లో చెప్పినప్పుడు నేను ముందు నవ్వాను. చావు కబురు విని నవ్వడం తప్పే. కానీ నరసింహులు చెప్పిన తీరు అట్లా ఉంది.

"సారు పోయినాడంటమ్మా. రెండు దినాలాయ. ఆస్పత్రిలో డాక్టరు పొట్ట నొక్కబోతే 'చూడండి సార్, ముట్టొద్దండి' అన్నాడంట" అన్నాడు.

ఆ చివరి మాట నరసింహులు కల్పించి ఉంటాడు. ధర్మవరం ఆఫీసులో మా అటెండరు వాడు. సారు మీద రోజుకొకటి కల్పించకపోతే వాడికి అన్నం సహించేది కాదు. మేమూ వాడిని ఎప్పుడూ ఆపలేదు. ఇంకొకటి చెప్పమని అడిగేవాళ్లం.

మాది పట్టుచీరల కంపెనీ. యజమాని ఉండే పెద్దాఫీసు హిందూపురంలో, పట్టునూలు గోడౌను పెనుకొండలో, డిజైన్లు గీసే గదీ చీరల షాపూ ధర్మవరంలో. నేను ధర్మవరంలో కంప్యూటరు మీద అంచులు, కొంగులు, బుట్టాలు గీసేదాన్ని. మూడూళ్ల కంప్యూటర్లనూ కలిపి హిందూపురంలో ఒక సర్వరు పెట్టారు. ఎవరి పనైనా అందులోని ఫోల్డర్లలోనే దాచాలి. ఏ ఫోల్డరు ఎవరు తెరవాలి, ఎవరు మార్చాలి, ఎవరికి అసలు కనిపించకూడదు అన్నది తేల్చి, మా ఒక్కొక్కరి ఖాతాకూ పర్మిషన్లు పెట్టడం సారు ఉద్యోగం. ఆయన ఆ కుర్చీలో కూర్చున్న రోజు నుంచి మాకు ఏ ఫోల్డరూ ఒక్క దెబ్బకు తెరుచుకోలేదు.

ఆయనది చిలమత్తూరు వైపు పల్లె. బెంగళూరులో ఏదో కంపెనీలో ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. మాట్లాడేది తెలుగే గానీ మధ్యమధ్యలో కన్నడం దొర్లేది. ఏం అడిగినా మొదటి మాట "స్వల్ప ఆగమ్మా". ఆ 'స్వల్ప' ఒక్కోసారి రెండు వారాలు ఉండేది.

మొదటిసారి ధర్మవరం వచ్చినప్పుడు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"ఇదో చూడండప్పా. పర్మిషన్లు రెండు రకాలు. ఒగటి చూసేది. రెండోది ముట్టేది. చూసేదిస్తే తెరిచి చూడొచ్చు, అంతే. ముట్టేదిస్తే మార్చొచ్చు, తీసెయ్యొచ్చు. మీకందరికీ చూసేది ఇచ్చినా. ముట్టేది కావల్లంటే ఫారం రాయండి."

"మా పని మేమే ముట్టకుంటే ఎట్ల సారూ?" అన్నాను.

"స్వల్ప ఆగమ్మా. ఇంటికొచ్చిన చుట్టం చాప మీద కూచుంటాడు గానీ సీదా వంటింట్లోకి పోయి కుండ మూత తీస్తాడా?"

"ఇల్లు మాదే కద సారూ?"

"ఇల్లు నీదే. కుండ కంపెనీది."

ఆ రోజే నరసింహులు ఆయనకు చూడొచ్చు సారు అని పేరు పెట్టాడు. వారం తిరిగేసరికి మూడూళ్లలోనూ అదే పేరు. ఆయన అసలు పేరు జీతాల చీటీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ప్రతి మంగళవారం హిందూపురం నుంచి రైలెక్కేవాడు. పెనుకొండలో దిగి గోడౌను కంప్యూటరు చూసుకుని, ఇంకో రైలు పట్టుకుని మధ్యాహ్నానికి మా దగ్గరికి వచ్చేవాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో అంత తాళాలగుత్తి. సర్వరుకు తాళంచెవి అక్కర్లేదు, కంప్యూటర్లకు అసలే అక్కర్లేదు. ఆ గుత్తి ఏ తలుపులదో ఎవరికీ తెలియదు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తుండుగుడ్డ తీసి రెండు చేతుల మీదా కప్పుకునేవాడు. గుడ్డ కింద వేళ్లు ఆడుతుంటే మేం ముగ్గురం ఆడపిల్లలం ఒకరి ముఖం ఒకరం చూడకుండా నవ్వు బిగబట్టుకునేవాళ్లం.

భోజనం దగ్గర కూడా ఆయన ఆయనే. మేమంతా కూరలు మార్చుకుని తినేవాళ్లం. ఆయన ఒక్కడు గోడవైపు తిరిగి రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి తినేవాడు. "ఏం కూర సారూ?" అని నరసింహులు తొంగిచూస్తే కారియరు కాస్త వంచి చూపించి మళ్లీ నిటారుగా పెట్టుకునేవాడు. "చూసేది ఇచ్చినాడు" అని వాడు మాకు వచ్చి చెప్పేవాడు.

ఇక ఫారం సంగతి. కొత్త డిజైను మొదలుపెట్టాలంటే కొత్త ఫోల్డరు కావాలి. కొత్త ఫోల్డరు కావాలంటే ఫారం రాయాలి. ఒకటి కాదు, మూడు కాపీలు. జిరాక్సు పనికిరాదు, కార్బను పెట్టకూడదు. మూడూ సొంత చేత్తో రాయాలి. పేరు, తారీఖు, ఫోల్డరు దేనికి, అందులో ఏముంటుంది, ఎవరు చూడాలి, ఎవరు ముట్టాలి. మొదటి కాపీ హిందూపురం ఆఫీసు ఫైల్లోకి. రెండోది పెనుకొండ గోడౌను అల్మారాలోకి, ఎందుకంటే హిందూపురంలో నిప్పంటుకుంటే ఇంకోచోటన్నా మిగలాలట. మూడోది అడిగినవాళ్లకు.

నేను మొదటి ఫారంలో 'మామిడిపిందె అంచు' అని రాసిస్తే వెనక్కి ఇచ్చాడు.

"పేరు రాస్తే నాకేం తెలుస్తాదమ్మా? మామిడిపిందెలు ఊరంతా గీస్తారు. నీదేదో ఈ మూలన స్వల్ప గీయి."

"కంప్యూటర్లో గీసినాక తెరిచి చూడండి సారూ."

"నాకు ఆ ఫోల్డరు చూసే పర్మిషన్ లేదు."

"పర్మిషన్లు పెట్టేది మీరే కదా!"

"పెట్టేది నేనే. నాకు ఆడ పని లేదు. పని లేనోడికి ఏమిటికి పర్మిషను? అందుకని నాకు నేను ఇచ్చుకోలేదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించిన గర్వం ఇప్పటికీ నా కళ్లముందుంది. తన ఇంటికి తానే తాళం వేసుకుని బయట నిలబడి, ఎంత గట్టి తాళమో చూడండి అంటున్నట్టుండేది. చేసేది లేక ఫారం మూలన వేలెడంత బొమ్మ గీసి, అదే బొమ్మ ఇంకో రెండు కాపీల మీద కూడా గీసేదాన్ని. ఒళ్లు మండేది. ఆ టైములో అసలు డిజైను సగం అయిపోయేది.

ఇంకొకటి నాకు మరీ కోపం తెప్పించింది. కంప్యూటర్లో నాకు పేరు పెట్టలేదు. నా ఖాతా పేరు 'డిజైన్ రెండు'. 'డిజైన్ ఒకటి' హిందూపురంలో యజమాని తమ్ముడి కొడుకు. బెంగళూరులో డిజైను చదువు చదివి, ఏసీ గదిలో కూర్చుని, పెన్సిలు చెక్కడం తప్ప దానితో ఇంకేమీ చేయని మనిషి.

"నా పేరు పెడితే ఏం సారూ?" అని అడిగాను.

"నువ్వు రేపు పెండ్లి చేసుకోని పోతావు. మళ్లా పేరు మార్చల్ల. సీటుకు పేరు పెడితే ఎవరొచ్చినా సరిపోతాది."

ఆ జవాబుకు నేను ఇచ్చిన బదులు ఏమిటంటే, ఆ రోజు నా మూడో కాపీని ఆయన కళ్లెదుటే మడిచి చాయ్ గ్లాసు కింద పెట్టుకున్నాను. ఆయన ఆ కాగితాన్ని చూశాడు. ముట్టలేదు. ఆ తర్వాత అదే అలవాటైంది. నా మూడో కాపీల్లో కొన్ని బజ్జీల నూనె పీల్చాయి. కొన్ని ఊగే బల్ల కాలి కింద చేరాయి. చివరికి అన్నీ చెత్తబుట్టలోకే పోయాయి.

మంగళవారం సాయంత్రం రైలుకు వెళ్లేముందు సారు వంగి చెత్తబుట్టలో చేయి పెట్టేవాడు. "చెత్తకు గూడా పర్మిషన్ పెడతాండాడు చూడండి" అనేవాడు నరసింహులు. ఎవరైనా పాస్‌వర్డు రాసి పారేశారేమో వెతుకుతున్నాడని మేమనుకున్నాం. దాని మీద కూడా చాలా రోజులు నవ్వుకున్నాం.

ఆయన గొప్ప తప్పు చేసింది ఒక ఆయుధ పూజ రోజున.

మా ధర్మవరంలో ఆ రోజు మగ్గం ముట్టరు. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి, దండం పెట్టి వదిలేస్తారు. ఏడాదంతా మన బరువు మోసిన పనిముట్టుకు అది ఒక్కరోజు సెలవు. సారుకు ఆ ఏడాది ఒక ధర్మసందేహం వచ్చింది. సర్వరు కూడా పనిముట్టే కదా, దానికి సెలవెక్కడిది? పూజ చేసి కుంకుమ పెట్టినా షాపు పిల్లలు ఫోన్లోంచి చీరల ఫోటోలు అందులో పడేస్తూనే ఉంటారు. అందుకని పొద్దున్నే సర్వరు గది ముందు బూడిదగుమ్మడికాయ కొట్టి, నాలుగు నిమ్మకాయలు పెట్టి, కూర్చుని, అన్నిటికంటే పైనున్న ఫోల్డరు మీద ఒకే ఒక్క వరుస రాశాడు. 'అందరికీ నిషేధం.'

ఆ అందరిలో తానూ ఒకడినని ఆయనకు తట్టలేదు.

మర్నాడు దశమి. మగ్గం మీద మంచి ముహూర్తానికి నాలుగు పోగులైనా నేసి లేవడం మా వాళ్ల అలవాటు. ఆఫీసులోనూ ఒక పూట పని ఉంటుంది. ఎవరికీ ఏదీ తెరుచుకోలేదు. హిందూపురానికి ఫోను చేస్తే "స్వల్ప ఆగండప్పా" అన్నాడు. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. సంగతేమిటంటే ఆయనకూ తెరుచుకోలేదు. తాను వేసిన నిషేధం తన చేతినే పట్టుకుంది. నరసింహులు నవ్వి నవ్వి బెంచీ మీద పడుకున్నాడు.

చివరికి ఆయన ఏం చేశాడంటే, సర్వరులో ఉన్న ప్రతి ఫోల్డరుకూ ప్రతి ఫైలుకూ యజమాని తానేనని తన ఖాతా పేరు మీద రాసుకున్నాడు. తాళం పగలగొట్టడానికి ఆయనకు తోచిన దారి అదొక్కటే. తాళం ఊడింది. కానీ అన్నేళ్లుగా ఫారాలు రాయించి పెట్టిన పర్మిషన్లన్నీ ఆ దెబ్బతో చెరిగిపోయాయి. అవి తిరిగి పెట్టేదాకా, ఆ మధ్యాహ్నమంతా, మూడూళ్లలో అందరికీ అన్నీ తెరుచుకున్నాయి. చూసేదీ ముట్టేదీ రెండూ.

ఊరికే ఉంటామా? షాపువాళ్లు ఒకరి సెలవుచీటీలు ఒకరు చదువుకుని నవ్వుకున్నారు. నేను 'డిజైన్ ఒకటి' తెరిచాను. అంత చదువుకున్నాయన ఏం గీస్తాడో చూద్దామని.

ఆయన ఏమీ గీయలేదు. అందులో కొత్త చీరల కేటలాగు తయారై అచ్చుకు పోవడానికి సిద్ధంగా ఉంది. పదకొండు అంచులు. పదకొండూ నావే. అట్ట మీద నా చెనిక్కాయ అంచు. తనకల్లు దగ్గర మా అవ్వ చేన్లో వేరుశనగ చెట్టు పీకి ఎత్తి పట్టుకుంటే వేర్లకు కాయలు వేలాడటం చిన్నప్పుడు చూశాను. పైన ఆకుతీగ, కింద కాయలు, మధ్యలో జరీతో నేల గీత. దాన్ని సాపు చేయడానికి రెండు నెలలు పట్టింది. మొదటి చీర మా నాయన మగ్గం మీద నేశాడు. దాని కింద ఇప్పుడు యజమాని తమ్ముడి కొడుకు పేరు, గడ్డం కింద చేయి పెట్టుకున్న ఫోటో. కొత్త డిజైన్ల గదికి పెద్దగా ఆయన్నే పెడుతున్నట్టు ఒక వాక్యం కూడా ఉంది.

నాకు ఏడుపు రాలేదు. వెంటనే ఆ తమ్ముడి కొడుక్కే ఫోన్ చేశాను.

"కంపెనీ డిజైన్లే కదమ్మా. ఎవరి పేరుంటే ఏముంది?" అన్నాడు తాపీగా. "అంతగా కావల్లంటే కంప్యూటర్లో చూడు, ఆ ఫైళ్లు ఎవరి పేరు మీద ఉండాయో."

చూశాను. ఫైలు యజమాని అన్న చోట పదకొండు ఫైళ్లకూ చూడొచ్చు సారు పేరే ఉంది. నిన్నటిదాకా అక్కడ కనీసం 'డిజైన్ రెండు' అని ఉండేది. ఇప్పుడు కంపెనీలోని ప్రతి అంచూ, ప్రతి కొంగూ, ప్రతి బుట్టా పుట్టి బుద్ధెరిగి ఒక గీత గీయని మనిషి సొత్తు.

"సారూ, నా చెనిక్కాయ అంచు మీ పేరు మీద ఉండాది" అని ఈసారి సారుకు ఫోన్ చేసి అరిచాను.

"స్వల్ప ఆగమ్మా. అది పేరు కాదు, పెత్తనం. రెండు దినాల్లో సరి చేస్తా."

"సరి చేస్తే నా పేరు వస్తాదా?"

"డిజైన్ రెండు అని వస్తాది."

"డిజైన్ రెండు ఎవరు సారూ? నేనేనని యాడ రాసుండాది?"

ఆయన ఇంకొకటి అడిగాడు: "నీ కాపీ యాడుండాది?"

"ఏం కాపీ?"

"మూడో కాపీ. నీ పేరు, నీ రాత, నీ బొమ్మ, తారీఖు. అన్నీ దాంట్లోనే కదా ఉండేది."

చాయ్ గ్లాసు కింద ఉందని చెప్పాను. ఆయన ఫోను పెట్టేశాడు.

పెద్దాఫీసులో మొదటి కాపీల ఫైలు కనబడటం లేదన్నారు. అది ఎవరి గదిలో ఉండేదో చెప్పక్కర్లేదు. నిప్పుకు భయపడి పెనుకొండ పంపిన రెండో కాపీలను చెదలు తిన్నాయి. మూడో కాపీలను నేను పాడుచేశాను. సంగతి చెబితే యజమాని శుక్రవారం రమ్మన్నాడు. కేటలాగు సోమవారం అచ్చుకు పోతుంది. నా చేతిలో ఏమీ లేదు. పోకుండా ఊరుకుందామా అని ఇంట్లో అంటే, మగ్గం గుంతలో కూర్చున్న మా నాయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"పోవల్లమ్మా. నేసినోని పేరు ఎట్లాగూ రాయరు. గీసినోళ్లదన్నా రాయనీ."

శుక్రవారం హిందూపురం పోయాను. యజమాని బల్ల వెనక కూర్చున్నాడు. పెద్ద మనిషి, మరీ చెడ్డవాడు కాదు, తమ్ముడి కొడుకును కాదనలేడు. ఆ కొడుకు పక్క కుర్చీలో కూర్చుని కేటలాగు పేజీలు తిప్పుతున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. రుజువేదని అడిగాడు యజమాని. మా నాయన మగ్గం మీదే మొదటి చీర నేశాడన్నాను. డిజైను తానే ధర్మవరం పంపానని ఆ కొడుకన్నాడు. అప్పుడు యజమాని సారును పిలిపించాడు.

సారు చెప్పులు బయట విడిచి, గుడ్డసంచి ఛాతీకి ఆనించుకుని వచ్చి నిలబడ్డాడు. తాళాలగుత్తి కూడా తెచ్చుకున్నాడు.

"ఈ పదకొండు డిజైన్లు ఎవరివప్పా?"

"నాకు తెలీదు సార్. డిజైన్లు చూసే పర్మిషన్ నాకు లేదు."

ఆ క్షణంలో నా చేతిలో ఏదైనా ఉంటే ఆయన మీదికి విసిరేదాన్ని. ఆ కొడుకు పెదవుల మీద నవ్వు కనిపించింది. యజమాని విసుగ్గా కాగితాలు పక్కకు తోశాడు.

"ఫోల్డర్లు ఎవరడిగినారో మాత్రం తెలుసు సార్" అన్నాడు సారు.

సంచిలోంచి ఒక కట్ట తీశాడు. ఎర్ర పట్టునూలు తుక్కుతో కట్టి ఉంది. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. తొందరేం లేనట్టు విప్పాడు. ఒక్కొక్క కాగితమూ తీసి, చేత్తో సాపు చేసి, బల్ల మీద వరుసగా పేర్చాడు. ఒకదాని మీద చాయ్ గ్లాసు గుండ్రం. ఒకదాన్ని నూనె ఇటునుంచి అటు కనబడేంత తాగింది. ఒకదాని మీద బల్ల కాలి అచ్చు. ప్రతిదాని మూలనా నేను తిట్టుకుంటూ గీసిన వేలెడంత బొమ్మ, పక్కన నా పేరు, తారీఖు. చెనిక్కాయ అంచు చాయ్ గుండ్రం మధ్యలో ఉంది.

"చూడొచ్చు సార్" అన్నాడు యజమానితో.

తమ్ముడి కొడుకు చేయి చాచి ఒక కాగితం అందుకోబోయాడు.

"ముట్టకూడదు" అన్నాడు సారు.

ఆ మాట ఆయన నోట ఎన్ని వందలసార్లు విన్నానో. వినగానే నవ్వడం అలవాటు. ఆ రోజు నవ్వు రాలేదు. చాచిన చేయి వెనక్కి పోయింది.

యజమాని ఒక్కొక్కటీ చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇట్లున్నాయేమప్పా ఇవి? యాడివి?" అన్నాడు.

"ధర్మవరం చెత్తబుట్టవి సార్. మంగళవారం మంగళవారం తీసుకుంటి."

"ఏమిటికి?"

"మూడో కాపీ అడిగినోళ్లకాడ ఉండల్ల సార్. ఆ యమ్మకాడ నిలబడదు. అందుకని ఆ యమ్మ తరఫున నాకాడ పెట్టుకుంటి."

సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. నేను కొట్లాడటానికి వచ్చిన న్యాయాన్ని నా చేతులతోనే చెత్తలో పడేశానని గదిలో నలుగురికీ తెలిసిపోయింది. ఆ గుండ్రాలు, ఆ నూనె మరకలు అన్నీ నా రాతకంటే పెద్దగా కనిపించాయి.

కేటలాగులో నా పేరు వచ్చింది. చివరి పేజీలో, చిన్నక్షరాల్లో. 'సలహా, పర్యవేక్షణ' అని తమ్ముడి కొడుకు పేరు దానికి పైన, నా పేరుకంటే లావుగా వచ్చింది. ఫోటో మాత్రం తీసేశారు. డిజైన్ల గదికి పెద్దను పెట్టే మాట అంతటితో ఆగిపోయింది. మా నాయన ఆ పేజీని చేయి చాపినంత దూరంలో పట్టుకుని అక్షరం అక్షరం చదివి, దేవుడి పటం వెనక దాచాడు.

బయటికి వచ్చాక వరండాలో సారును పట్టుకున్నాను.

"ఆ కాపీలు ఇట్లియ్యండి సారూ. ఈ తూరి భద్రంగా పెట్టుకుంటా."

"బేడమ్మా, వద్దు. నీ చేతికిస్తే మళ్లా గ్లాసు కిందికి పోతాయి" అని కట్ట సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

థాంక్స్ చెప్పాలని అప్పుడు తోచలేదు. తర్వాత తోచినా చెప్పలేదు. నవ్విన నోటితో ఆ మాట చెప్పడం నాకు చేతకాలేదు.

సంవత్సరం తిరక్కుండానే ఆయన్ని పెనుకొండ గోడౌనుకు మార్చారు. నూలు బేళ్లు లెక్కపెట్టే పని. చెదలు పట్టిన అల్మారా పక్కనే కుర్చీ వేశారు. సర్వరు చూసుకోవడానికి బెంగళూరు నుంచి టై కట్టుకున్న కుర్రవాళ్లొచ్చారు. ఫారాలు లేవు, తుండుగుడ్డలు లేవు, అందరికీ అన్ని పర్మిషన్లూ ఒక్క పూటలో ఇచ్చేశారు. నెల తిరిగేసరికి ఎవరో షాపు ఫోటోలన్నీ తీసేశారు. ఎవరు తీసేశారో ఇప్పటికీ తేలలేదు. ఆ వార్త తెలిసినప్పుడు సారు ముఖం చూడాలనిపించింది. పెనుకొండలో దిగితే చూడొచ్చు. దిగలేదు.

తర్వాత నేను ఆ కంపెనీ వదిలి ధర్మవరంలోనే సొంతంగా డిజైన్ల గది పెట్టుకున్నాను. నరసింహులు ఫోను వచ్చిన మూడోరోజు హిందూపురం పోయాను. అడ్రసు వాడే చెప్పాడు. చిన్న ఇల్లు. సారు భార్య వసారాలో కూర్చుని ఉంది. నేనెవరో చెప్పబోయేలోపే అడిగింది.

"నువ్వేనా డిజైన్ రెండు?"

అవునన్నాను. ఆ పేరుకు అంత బుద్ధిగా నేనెప్పుడూ పలకలేదు.

"మీ సారు నీ మాట చెప్తాండె. శానా బాగా గీస్తాది, కాయితం మాత్రం నిలబెట్టుకోదు అని" అంది. "నువ్వు వస్తే ఇమ్మన్నాడు. రాకుంటే ఇయ్యొద్దన్నాడు."

లోపలికి పోయి, గోడలో ఉన్న చెక్కబీరువా తీసి కట్ట తెచ్చింది. అదే ఎర్ర నూలు. ఆ బీరువా తీసిన తాళంచెవి ఆ పెద్ద గుత్తిలోనిదే. ఆ గుత్తిలో ఒక్క చెవికైనా పని ఉందని ఆ రోజు తెలిసింది. నేను చేయి చాచాను. ఆమె ఇవ్వలేదు.

"ముందు ఇవి రాయల్లంట" అని పైనున్న మూడు కాగితాలు తీసి నా ముందు పెట్టింది.

ఫారాలు. మూడు కాపీలు. మూడూ ఆయన చేత్తో నింపినవే, కార్బను పెట్టలేదు. 'కాగితాలు ముట్టినట్టు' అని పైన ఉంది. పేరు దగ్గర డిజైన్ రెండు అని లేదు. నా పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. దేనికి అన్నచోట 'కాపీ ఆమెది' అని రాశాడు. తారీఖు ఖాళీ, సంతకం ఖాళీ. పర్మిషన్లు దగ్గర రెండు గళ్లు. చూసేది, ముట్టేది. రెండింట్లోనూ టిక్కు పెట్టాడు. అన్నేళ్లలో ఆయన రెండు గళ్లూ టిక్కు పెట్టిన ఫారం నేను ఇంకొకటి చూడలేదు.

మూడింటి మీదా తారీఖు వేసి సంతకం చేశాను. ఒక సంతకం అక్షరాలు తడికి చెదిరాయి, దాన్ని మళ్లీ చేశాను. కట్ట ఆమె నా చేతిలో పెట్టింది.

మొదటి కాపీ ఆఫీసుకు ఇవ్వాలి, ఆ ఆఫీసుతో నాకిప్పుడు సంబంధం లేదు. రెండోది పెనుకొండ అల్మారాకు పోవాలి, దాన్ని ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేశారు. ఆమెకు ఇవ్వబోతే తనకు చూసే పని లేదంది. మూడు కాపీలూ నా దగ్గరే ఉన్నాయి. చాయ్ గ్లాసు వేరే బల్ల మీద పెట్టుకుంటున్నాను.